లెక్కకు ఒకరు తక్కువ

ఆ బుధవారం పొద్దున ఓంకార్ ఆఫీసుకు అరగంట ముందే వచ్చాడు. పదకొండింటికి ఫైర్ డ్రిల్ ఉంది. ఐదో అంతస్తుకు అతనే వార్డెన్. హెచ్ఆర్ రోహిణి ఇచ్చిన జాబితాలో పేర్లు చదవలేదు, చివరి అంకె మాత్రం చూసుకున్నాడు. నలభై రెండు. ఎనిమిది నిమిషాల్లో నలభై రెండు మందినీ దించి లెక్క అప్పజెప్పాలి. కుర్చీలో కూర్చునే మనసులో రెండుసార్లు మెట్లు దిగి చూసుకున్నాడు.

ఈ పని అతనికి ఎవరూ అప్పగించలేదు. అడిగి తీసుకున్నాడు. మార్చిలో పక్క సీటు ఆదర్శ్ కుర్చీలోంచి ఒరిగిపోయినప్పుడు ఓంకార్ లేచి నిలబడ్డాడు, అంతే. ఫోన్ చేతిలోనే ఉంది. ఏ నంబరు కొట్టాలో తోచలేదు. సెక్యూరిటీ ఎల్లేశం కింది నుంచి ఎక్కి వచ్చేదాకా అలాగే నిలబడి ఉన్నాడు. ఆసుపత్రికి తీసుకెళ్తుంటే దారిలోనే ఆదర్శ్ పోయాడు. ఆ తర్వాత ఓంకార్ నాలుగు శనివారాలు వెళ్లి ప్రథమ చికిత్స నేర్చుకున్నాడు. రబ్బరు బొమ్మ ఛాతీ మీద ఎంత గట్టిగా నొక్కేవాడంటే, అక్కడివాళ్లు అతని కోసం పాత బొమ్మను వేరుగా దాచి ఉంచేవారు.

సైరన్ మోగింది. లాప్‌టాప్ వదలనన్నవాడితో వదిలించాడు. టీ కప్పుతో బయల్దేరినావిడను కప్పుతోనే దించాడు. ఆరున్నర నిమిషాలకు అందరూ పార్కింగులో ఉన్నారు. ఒక్కొక్కరికీ టిక్కు పెడుతూ, తనతో కలిపి లెక్కపెట్టాడు. నలభై ఒకటి. మళ్లీ లెక్కపెట్టాడు. నలభై ఒకటే.

సేఫ్టీ అధికారి భీమేశ్వరరావు ఈ కంపెనీకి వచ్చి నెలే అయింది. ఆయన మైకు అందుకున్నారు. "ఐదో అంతస్తులో ఒకరు తక్కువండి. ఎవరూ కదలొద్దు."

కదలొద్దనగానే అందరూ కదిలారు. లిఫ్టులో ఎవరో ఇరుక్కున్నారని ఒకరు వాట్సాప్ గ్రూపులో రాశారు. పొగ కూడా వస్తోందని ఇంకొకరు చేర్చారు. అది చదివి డ్రిల్ లేని పక్క భవనం వాళ్లు కూడా దిగొచ్చారు. కూకట్‌పల్లి నుంచి రోహిణి వాళ్లమ్మ ఫోన్ చేసి, టీవీలో ఇంకా చూపించడం లేదేమిటని అడిగింది. ఈలోగా ఎవరో నిజం ఫైరింజన్‌కే ఫోన్ కొట్టారు.

"పేరు చెప్పండి ఓంకార్ గారూ," అన్నారు భీమేశ్వరరావు.

ఓంకార్ కాగితం చూశాడు. టిక్కు పడనిది ఆదర్శ్ పేరు. ఆ క్షణంలో అతనికి మార్చి నెల గుర్తు రాలేదు. ఒకడు పైన ఉండిపోయాడన్నదే తోచింది. కాగితం పట్టుకుని మెట్లవైపు పరుగెత్తాడు.

"ఇప్పుడు ఇద్దరు తక్కువండి," అన్నారు భీమేశ్వరరావు, మైకు ఆపడం మరిచిపోయి. గేటు దగ్గర ఫైరింజన్ గంట వినిపించింది.

వెతకడానికి ఎల్లేశం వెళ్లాడు. మోకాళ్లు పట్టుకుంటూ ఐదు అంతస్తులు ఎక్కేసరికి, ఓంకార్ ఆదర్శ్ కుర్చీ పక్కన నిలబడి ఉన్నాడు. కుర్చీకి ఆదర్శ్ స్వెట్టర్ ఇంకా వేలాడుతోంది. ఆ సీట్లో కూర్చోవడానికి ఎవరికీ మనసు రాలేదు. కాబట్టి సీట్ల పట్టికలోంచి ఆ పేరు పోలేదు. డ్రిల్ జాబితా ఆ పట్టిక నుంచే తీస్తారు.

"పైకి పోవద్దని అందరికీ చెప్పింది నువ్వే గద సారూ. ఎవర్ని ఎతుకుతున్నవ్?"

ఓంకార్ కాగితం ఇచ్చాడు. ఎల్లేశం దాన్ని దూరంగా పట్టుకుని, కూడబలుక్కుని చదివాడు.

"ఈయన ఎప్పుడో దిగిండు బిడ్డా," అన్నాడు. "మార్చిలనే. నేనే దించిన."

"నేను ఊకెనే నిలబడ్డ కాకా, ఆ రోజు."

"ఇయ్యాల ఉరికినవ్ గద." ఎల్లేశం కాగితం తిరిగి ఇచ్చాడు. "ఇగ పా. కింద లెక్క ఆగింది."

ఓంకార్ స్వెట్టర్ తీసి మడత పెట్టాడు. మెట్ల మలుపులో ఆగి, కాగితాన్ని గోడకు ఆనించి, ఆ ఒక్క పేరుకూ టిక్కు పెట్టాడు. కింద భీమేశ్వరరావుకు నలభై రెండుకు నలభై రెండు అప్పజెప్పాడు.

సాయంత్రం నివేదిక వచ్చింది. ఐదో అంతస్తు ఖాళీ చేయడానికి ముప్పై ఎనిమిది నిమిషాలు పట్టింది. తప్పిపోయినవారు లేరు. నిబంధన మీరి భవనంలోకి తిరిగి వెళ్లినందుకు వార్డెన్‌కు మళ్లీ శిక్షణ ఇవ్వాలి. జాబితా సవరించాలని కూడా అందులో ఉంది. దానికి వచ్చే డ్రిల్ దాకా గడువు ఇచ్చారు.