కెప్టెన్ పోయిన రోజు

ఆ గురువారం పొద్దున స్టాన్లీ పెట్టుకున్న పని చాలా చిన్నది. ఇంద్రేశంలో కంపెనీ బస్సెక్కి, పటాన్‌చెరులో ఫ్యాక్టరీ గేటు వచ్చేలోగా, నాలుగేళ్లుగా చూస్తున్న జపాన్ యానిమే కార్టూన్ సీరియల్ ఆఖరి భాగం చూసెయ్యాలి. చిక్కల్లా ఒకటే. ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఇద్దరం కలిసి చూద్దామని భార్య క్లారాకు మాటిచ్చాడు. కిందటిసారి ఒక్క భాగం ముందు చూసినందుకు ఆమె పదకొండు రోజులు మాట్లాడలేదు. అయినా మనిషికి బుద్ధి రాలేదు.

ఆఖరి భాగంలో అంతరిక్ష నౌక కెప్టెన్ అందరినీ భూమికి పంపించి, తలుపు మూసిన నౌకలో తానొక్కడే మిగిలిపోయాడు. స్టాన్లీకి ఏడుపు ఆగలేదు. చార్జింగ్ అయిపోయి ఫోన్ కూడా ఆరిపోయింది.

"ఏమైంది తమ్మీ? గట్ల ఏడుస్తున్నవేంది?" అన్నాడు పక్క సీట్లోని బాలరాజ్.

బాలరాజ్ భార్య, క్లారా ఒకే చర్చిలో పక్కపక్కన నిలబడి పాటలు పాడతారు. నిజం చెబితే బస్సు ఆగేలోపే క్లారాకు చేరిపోతుంది.

"దగ్గరి మనిషి పోయిండన్నా. ఇప్పుడేం అడగకు."

ఇంతకన్నా తెలివితక్కువ అబద్ధం ఆ బస్సులో అంతవరకు ఎవరూ ఆడి ఉండరు. బాలరాజ్ అడగలేదు. మంచివాడు కనుక చర్చి ప్రార్థన వాట్సాప్ గ్రూపులో పెట్టాడు: "స్టాన్లీ వాళ్లింట్ల చావు అయింది. అందరు ప్రార్థన చెయ్యుండ్రి."

అది ఫ్యాక్టరీదాకా పాకింది. పదింటికి సూపర్‌వైజర్, వద్దంటున్నా వినకుండా, స్టాన్లీని కంపెనీ జీపులో ఇంటికి పంపాడు.

ఇంటి ముందు టెంటు, చర్చి కుర్చీలు, నలభై మంది జనం. తల్లి సౌభాగ్యమ్మ ఎవరికోసమో తెలియకుండానే ఏడుస్తోంది. క్లారా ఎదురొచ్చింది.

"మీ దిక్కోళ్లకు, మా దిక్కోళ్లకు అందరికి ఫోన్ చేసిన. అందరు మంచిగనే ఉన్నరు. ఎవరు పోయిండ్రు?"

స్టాన్లీ నోరు తెరిచేలోపు పాస్టరుగారు లేచారు. "పోయినాయన గురించి రెండు మాటలు చెప్పు నాయనా."

పేరు చెప్పకుండా గట్టెక్కుదామనుకున్నాడు పిచ్చి మారాజు. "ఆయన అందరిని ఇంటికి పంపిండు. తను ఆగిపోయిండు. తలుపు తనే లోపల్నుంచి ఏసుకున్నడు."

ఆడవాళ్లు కొంగులు కళ్లకద్దుకున్నారు. క్లారా మాత్రం చటుక్కున లేచింది.

"తలుపు ఆయన ఎయ్యలే! రోబో ఏసింది!"

టెంటు కింద తలలన్నీ ఆమె వైపు తిరిగాయి.

"నీకెట్ల తెలుసు?" అన్నాడు స్టాన్లీ మెల్లగా.

క్లారా ముఖం పాలిపోయింది. "నిన్న... నువ్వు డ్యూటీకి పోయినంక చూసిన."

పొద్దుటినుంచి తాను పడ్డ పరేషానంతా స్టాన్లీకి ఒక్కసారిగా గుర్తొచ్చింది. "నువ్వే ముందు చూసినవా? నీకు భయపడే గదా గీ అబద్ధం ఆడిన! కెప్టెన్ సచ్చిపోయిండని తెలిసి కూడ రాత్రి నవ్వుకుంట అన్నం పెట్టినవ్!"

"కెప్టెన్ యాడ సచ్చిండు? ఆఖర్ల ఆయన చాయ్ కప్పులకెళ్లి పొగలొస్తలేవా? సరిగ్గ చూడనైనా చూడవు!"

విషయమంతా వాళ్ల అరుపుల్లోనే జనానికి అర్థమైంది. అయినా ఎవరూ కదలలేదు. పాస్టరుగారు బైబిలు మూసి, "పొగలంటే చాయ్ వేడిగనే ఉన్నట్టు, తాగేటాయన ఉన్నట్టే గదా," అని క్లారా పక్షం చేరారు. ముందు వరుసవాళ్లు కాదన్నారు. సౌభాగ్యమ్మకు ఒళ్లు మండింది.

"ఆయన ఉన్నడో పోయిండో జెర జల్దీ తేల్చుండ్రి! చావింట్ల వండొద్దని పొద్దుగాలకెళ్లి పొయ్యి ముట్టియ్యలే!"

కెప్టెన్ బతికే ఉన్నాడని అందరూ చేతులెత్తి తీర్మానించాక, మూడు గంటలకు పొయ్యి వెలిగింది.