ముగ్గురు నింపిన సీసా

ఆమెకు అన్నిటికంటే పెద్ద భయం ఒకటే: ఏదో ఒక రోజు భర్త చేతుల్లోంచి పాప జారి కింద పడుతుందని. బల్లులంటే భయం, ఉరుములంటే భయం, ప్రెషర్ కుక్కర్ అంటే కాస్త అనుమానం. అవన్నీ ఒక ఎత్తు, ఇది ఒక్కటీ ఒక ఎత్తు. పాపకు తొమ్మిది నెలలు. పాప తండ్రికి ముప్పై రెండేళ్లు, అందులో చివరి ఆరేళ్లు తాగుడు.

అతను దుకాణాలకు బోర్డులు రాసే పెయింటరు. గోడకు ఈ చివర కుంచె ఆనిస్తే ఆ చివరిదాకా గీత తిన్నగా వెళ్లిపోయేది. అందుకే వీధిలో అందరూ అతన్ని ‘స్కేలు’ అని పిలిచేవారు. అయితే ఆ పనివాళ్లలో ఒక నమ్మకం ఉంది: గొంతులో గుక్క పడితేనే చేతిలో గీత నిలుస్తుందని. అతని గురువు కుంచె పట్టడంతో పాటు అది కూడా నేర్పాడు. మొదట సాయంత్రం గుక్క, తర్వాత పొద్దున గుక్క, ఆ తర్వాత గుక్క పడకపోతే టీ గ్లాసు కూడా చేతిలో నిలవని పరిస్థితి.

సీసా అటక మీద వార్నిష్ డబ్బా వెనక ఉండేది. దాచానని అతను అనుకునేవాడు. చూడలేదని ఇల్లంతా నటించేది.

ఆమె చదువు ఎనిమిదో తరగతిలో ఆగిపోయింది. కానీ పాపకు రాత్రి పాలు మాన్పించిన అనుభవం ఉంది. రోజుకు కాస్త తగ్గిస్తూ పోతే ఎంత మొండి పిల్లయినా మానేస్తుంది. అదే విద్య పాప తండ్రి మీద ప్రయోగించింది. పది రోజులుగా, అతను స్నానానికి వెళ్లగానే స్టూలెక్కి, కొంగుతో ముక్కు మూసుకుని, నాలుగు మూతల మందు వంచి పారబోసి, నాలుగు మూతల పాలు లేని టీ నింపేది. రంగు మారదు. నింపాక మట్టం దగ్గర సుద్దముక్కతో సన్నని గీత పెట్టి, ఏమీ ఎరగనట్టు దిగివచ్చి పప్పు కడిగేది.

ఆ రోజు ఆమె తలపెట్టిన పని చిన్నదే. అతనికింత తినిపించి పనికి పంపాలి, పాపకు నలుగు పెట్టి నీళ్లు పోయాలి, గుడ్డలు ఉతకాలి. నాలుగు వీధుల అవతల కొత్త క్లినిక్ తెరుస్తున్నారు. దాని గోడ మీద రెండడుగుల అక్షరాలు రాసే పని అతనికి దొరికింది. ఆ ఏడాదికి అదే పెద్ద పని.

“ఏమండీ, పాపను కాస్త పట్టుకోండి, గిన్నె దించాలి.”

“ఇప్పుడొద్దు. చేతికి రంగుంది.”

చేతికి రంగు లేదు. చెమట ఉంది. అతను అందుకున్న టీ గ్లాసులో సగం సాసర్‌లోకి, పావు వంతు చొక్కా మీదికి పోయి, నోటికి పావే దక్కింది. కుక్కర్ కూత వేస్తే అతను పులిని చూసినట్టు ఎగిరి నిలబడ్డాడు. మూడు రాత్రులుగా నిద్ర లేక కళ్లు మిరపకాయల్లా ఉన్నాయి. అన్నిటికీ మించి, ఇంట్లో గుప్పుమని మందు వాసన. పొద్దున ఏడింటికి, ఇంకా స్నానమైనా కాకుండా!

 అతను తువ్వాలు తీసుకుని స్నానానికి వెళ్లగానే ఆమె స్టూలెక్కింది. సీసా చూసి, మరోసారి చూసి, స్టూలు మీదే కూర్చుండిపోయింది. మట్టం నిన్నటి సుద్దగీత కంటే రెండు వేళ్లు పైకి ఉంది. తాగేకొద్దీ తరిగే సీసాలు లోకంలో ఉన్నాయి. తాగేకొద్దీ ఊరే సీసా బావికి తోబుట్టువు అయ్యుండాలి.

“అత్తయ్యా! ఈయన పొద్దున్నే మొదలుపెట్టారు. ఇల్లంతా వాసన, మీకు రావట్లేదా?”

మంచం మీద కూర్చున్న అత్తగారు చీర కుచ్చిళ్లు మోకాళ్ల మీదికి గట్టిగా సర్దుకుంది. “నాకు జలుబమ్మా.”

“సీసా నిన్నటికంటే రెండు వేళ్లు పెరిగింది.”

“పెరిగిందా?” అత్తగారి మొహం పాలిపోయింది. “పెరగడమేంటే? అంటే... కొత్తది కొన్నాడేమోలే.”

“చేతులు చూశారా, ఎలా ఆడుతున్నాయో?”

“చూశా కాబట్టే చెబుతున్నా. వాడికి ఒక్క గుక్క పడాలి. వాళ్ల నాన్నా ఇంతే. గుక్క పడితే గుండ్రాయి, పడకపోతే గాలిపటం.”

“తాగించి నిచ్చెనెక్కిస్తారా మీ కొడుకుని?”

“తాగించకుండా ఎక్కించి నడుం విరగ్గొట్టమంటావా నీ మొగుణ్ణి?”

ఆ వాదన తేలేలోపే వాకిట్లో నిచ్చెన చప్పుడు, గేటు చప్పుడు వినిపించాయి. ఇద్దరూ బయటికి వచ్చేసరికి స్కేలు వీధి మలుపు దాటిపోయాడు. ఆమె పాపను చంకనేసుకుంది. అత్తగారు కోడలు స్టూలు మీద వదిలేసిన సీసాను గుడ్డసంచిలో వేసుకుంది. ఇద్దరూ ఒకే మనిషిని కాపాడటానికి పరుగెత్తారు, ఒకరు గుక్క పోసి, ఇంకొకరు గుక్క మాన్పించి.

క్లినిక్ ముందు అప్పటికే పదిమంది పోగయ్యారు. పన్నెండు మెట్ల నిచ్చెన మీద స్కేలు నిలబడి ఉన్నాడు. మొదటి అక్షరం బాగానే ఉంది. రెండోది కాస్త పక్కకు వాలింది. మూడోది నీళ్లలో పడ్డ పురుగులా మెలికలు తిరిగింది. ఎదురుగా మారుతాళాలు చేసే ఆయన పని ఆపి మరీ చూస్తున్నాడు.

“స్కేలు వంగిపోయిందిరోయ్!” అన్నాడు.

“ఏమండీ! దిగండి! తాగి నిచ్చెనెక్కుతారా? పాపను చూసైనా దిగండి!” ఆమె గొంతు వీధి చివరిదాకా వెళ్లింది. అప్పటిదాకా చూడనివాళ్లు కూడా చూశారు.

“నేను తాగలేదే!”

“ఒరేయ్ నాన్నా, అదే నీ సమస్య!” అని అరిచింది అత్తగారు, సంచిలోంచి సీసా పైకెత్తి. “ఒక్క గుక్క వేసుకుని అప్పుడు రాయరా!”

జనం ఘొల్లుమన్నారు. “తల్లంటే ఆమె తల్లి! మా అమ్మ మజ్జిగ కూడా ఇలా తెచ్చివ్వలేదు,” అన్నాడు తాళాలాయన.

 నిచ్చెన మీంచి స్కేలు సీసా వంక చూశాడు. ఆ చూపు ఎంతసేపు నిలిచిందో అతని భార్యకు తెలుసు.  అతను కళ్లు మూసుకుని, ఒక చేత్తో నిచ్చెన పట్టుకుని, “వద్దమ్మా. దాన్ని తీసుకెళ్లిపో. చచ్చినా తాగను,” అన్నాడు.

“చావడమెందుకురా, ఒక్క గుక్కే కదా!”

అప్పుడు ఆమె సీసా లాక్కోబోయింది. అత్తగారు వదల్లేదు. పాప ఇది ఆటనుకుని తానూ ఒక చెయ్యి వేసింది. మూత ఎగిరిపోయింది, సీసా తిరగబడింది, అందులో ఉన్నదంతా సరిగ్గా అప్పుడే తలుపు తీసుకుని బయటికి వచ్చిన డాక్టరమ్మ తెల్లకోటు మీద పడింది.

వీధంతా ముక్కులు మూసుకుంది. డాక్టరమ్మ మాత్రం కోటు చేతిని ముక్కు దగ్గర పెట్టుకుంది. తర్వాత వేలితో తాకి చూసింది, జిగురుగా ఉంది.

“ఇది టీ. చక్కెర కూడా ఎక్కువే వేశారు. ఎవరి పని?”

 స్కేలు భార్య తలవంచుకుంది. “నేనేనండీ. పది రోజులుగా నాలుగేసి మూతలు. చక్కెర మాత్రం నేను వేయలేదు.”

“నేను వేశా,” అంది అత్తగారు సన్నగా. “వారం నుంచి నేనూ మందు తీసి, తీసినదానికంటే కాస్త ఎక్కువే టీ పోస్తున్నా. ఉత్త టీ అయితే చప్పగా ఉంటుంది కదా, పాపం వాడెలా తాగుతాడని...”

“మరి తీసిన మందు?”

“పారబోయడానికి మనసొప్పలేదమ్మా. పాత దగ్గుమందు సీసాలో పోసుకుని పొద్దున్నే మోకాళ్లకు రాసుకుంటున్నా.”

“తగ్గాయా?”

“వాసనొచ్చింది అంతే.”

ఆమె నోరు తెరిచి అత్తగారి మోకాళ్ల వైపు చూసింది. పొద్దుటి వాసన అక్కడినుంచా!

“మీరిద్దరూ ఆగండి,” అన్నాడు పైనుంచి స్కేలు.  “అందులో మందనేదే లేదు. ఆదివారం నేనే మొత్తం పారబోసి టీ నింపి పెట్టా.”

తాగేవాడు లేడు, పోసేవాళ్లు మాత్రం ఉన్నారు: మట్టం ఎందుకు పెరిగిందో వీధికంతటికీ అర్థమైంది. తాళాలాయన లేచి నిచ్చెన దగ్గరికి వచ్చాడు.

“ఎందుకండీ? మాతో ఒక్క ముక్క చెప్పొచ్చుగా?”

“ఎలా చెప్పను? రెండుసార్లు మానేశానంటే చుట్టాలందరికీ ఫోన్లు చేశారు. మర్నాడే మళ్లీ తాగితే అందరూ నవ్వారు. ఈసారి పది రోజులు దాటాక చెబుదామనుకున్నా. ఆదివారం పొద్దున పాప నా వైపు చేతులు చాపింది. నా చేతులు ఆడుతున్నాయి. దాన్ని ఎత్తుకోవాలంటే ముందు అటకెక్కాలి. నా కూతుర్ని ఎత్తుకోవడానికి ఒక సీసా పర్మిషన్ కావాలా అనిపించింది.” అతను గోడను అరచేత్తో గబగబా తుడవసాగాడు. “ముందు ఈ చీమలను ఎవరైనా దులపండి. రాయనివ్వట్లేదు.”

గోడ మీద ఒక్క చీమ కూడా లేదు.

డాక్టరమ్మ మొహంలో నవ్వు ఆరిపోయింది. “తాళాలు చేసే అన్నా, నిచ్చెన పట్టుకోండి. గట్టిగా. ఆర్టిస్టు గారూ, చీమల సంగతి నేను చూస్తా. ఒక్కో మెట్టు దిగండి.”

పన్నెండు మెట్లు దిగడానికి ఎంతసేపు పట్టిందో కానీ, ఆమె పాపను అంతసేపూ గుండెకు అదుముకునే ఉంది. చివరి మెట్టు మీద అతని కాళ్లు మడతపడ్డాయి. తాళాలాయన బస్తాను పట్టినట్టు పట్టుకున్నాడు. ఇంకా తెరవని క్లినిక్‌లో, ప్లాస్టిక్ కవరు కూడా తీయని బల్ల మీద మొదటి రోగి పడుకున్నాడు. నాడి పరుగెడుతోంది.

“ఇది తాగినందువల్ల వచ్చిన వణుకు కాదమ్మా, ఉన్నట్టుండి మానేసినందువల్ల వచ్చింది,” అంది డాక్టరమ్మ. “మందు రోజూ మెదడును కిందికి నొక్కుతుంది. మెదడు ఊరుకోదు, అణిగిపోకుండా ఎదురు తోస్తూ ఉంటుంది. ఆరేళ్లు ఇలా తలుపుకు అటొకరు ఇటొకరు నిలబడి తోసుకున్నారనుకోండి. ఇటువాళ్లు టక్కున తప్పుకుంటే అటువాళ్లు ఎలా వచ్చి పడతారు? అదే ఇది. చెమట, నిద్ర లేకపోవడం, భయం, లేని చీమలు. ఇంకాస్త ముదిరితే మూర్ఛ వస్తుంది, ప్రాణం కూడా పోవచ్చు.”

“అయితే మానడం తప్పా?” అత్తగారు ఏడుపు మొహం పెట్టింది.

“మానడం గొప్ప పని. ఎవరికీ చెప్పకుండా, వైద్యం లేకుండా ఒక్కసారిగా మానడం ప్రమాదం. మీ ఇంట్లో ముగ్గురూ ఒకే మంచి పని చేశారు. ఎవరికి వాళ్లు దొంగచాటుగా చేశారు, అంతే తేడా.”

డాక్టరమ్మ టీ మరకల కోటుతోనే వాళ్లతో ఆటో ఎక్కి పెద్దాసుపత్రికి వచ్చింది. అక్కడ వారం రోజులు ఉంచారు. మాత్రలతో మెదడును నెమ్మదిగా శాంతపరిచారు, విటమిన్ ఇంజెక్షన్లు ఇచ్చారు, కాలేయం వాచిందనీ మళ్లీ ముట్టకపోతే కోలుకుంటుందనీ చెప్పారు. మూడో రోజుకు చీమలు వెళ్లిపోయాయి. నాలుగో రోజు అతను తొమ్మిది గంటలు నిద్రపోయాడు. ఊపిరి ఆడుతోందో లేదోనని ఆమె గంటకోసారి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. అదీ ఒక భయమే, కానీ తీపి భయం.

ఇంటికి వచ్చాక అంతా పూలబాటేమీ కాలేదు. సాయంత్రం ఆరయ్యేసరికి అతని కళ్లు అటక మీదికి పోయేవి. ఆ వేళ ఆమె పాపను చంకన వేసుకుని అతన్ని వీధుల వెంట తిప్పేది. వారానికోసారి ఆసుపత్రిలో ఒకాయన దగ్గర కూర్చుని మాట్లాడి వచ్చేవాడు. నెల గడిచాక అతనే ఒక మాట అన్నాడు: “దిగులు పోవడానికి తాగుతున్నా అనుకున్నానే ఇన్నాళ్లూ. దిగులు తెచ్చిపెట్టేది కూడా అదేనట.”

ఏడో వారం స్కేలు అదే క్లినిక్ గోడ దగ్గర మళ్లీ నిచ్చెనెక్కాడు. కబురు తెలిసి నాలుగు పేటల పెయింటర్లు వచ్చి వరసగా నిలబడ్డారు. గుక్క లేకుండా గీత ఎలా వస్తుందో చూద్దామని వాళ్ల గురువుగారు కూడా వచ్చాడు. స్కేలు కుంచె ముంచి, అంచు మీద ఒత్తి, గోడకు ఆనించాడు. గీత ఈ చివరి నుంచి ఆ చివరికి, ఎక్కడా ఆగకుండా, చెరువు మీద ఎండలా తిన్నగా పరుచుకుంది. తాళాలాయన నిజం స్కేలు తెచ్చి ఆనించి చూసి, “ఈ స్కేలే వంకర,” అని తీర్పిచ్చాడు. చప్పట్లకు పాప ఉలిక్కిపడి ఏడిచింది. అత్తగారు కూడా ఏడిచింది, కానీ జలుబని చెప్పింది.

“చేతికి ఏం పెట్టావురా?” అన్నాడు గురువుగారు, గీత మీంచి కళ్లు తిప్పకుండా.

“నిద్ర పెట్టాను గురువుగారూ.”

 మర్నాడు డాక్టరమ్మ తాళం తీసేసరికి క్లినిక్ మెట్ల మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. నలభై ఏళ్లు కుంచె పట్టిన రెండు చేతులూ జేబుల్లో దాచుకుని, “వణుకు గురించి ఒక మాట అడగాలమ్మా,” అన్నాడు.

ఇది చదువుతున్న మీకు తెలిసినవాళ్లలో ఎవరైనా మానేశానని చెప్పి రెండు రోజులుగా కనిపించకపోతే, ఒక్కసారి వెళ్లి తలుపు తట్టండి. చేతులు చూడండి, నిద్ర పడుతోందా అని అడగండి, వణుకుతుంటే ఆసుపత్రికి మీరే వెంట తీసుకెళ్లండి. పొద్దున్నే వచ్చి విసిగించారని తిడతారేమోనని మొహమాటపడకండి. తిట్టే ఓపిక ఉందంటే సగం దిగులు తీరినట్టే.