అద్దం దిగని కారు

సెక్రటరీ ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. వీధికి నీళ్ళు రావడం లేదు. ఖాళీ బిందెలతో అందరూ నీళ్ళ ఆఫీసుకు కదలాలి. ఆ కబురు కారులో తిరుగుతూ చాటాలి. వీధి సంఘం కార్యదర్శి కాబట్టే ఆయనకా పేరు. సంఘానికున్న ఏకైక బలగం ఆయన పాత కారు. దాని స్పీకర్లేమో చిరిగి, ఏం పెట్టినా ఆవులించినట్టు మోగుతున్నాయి.

కొత్తవి కొనడానికి బావమరిదిని వెంటబెట్టుకెళ్ళాడు. బావమరిది టేపు పట్టి కొలతలు తీసే వచ్చాడు. కాకపోతే స్పీకరు కూర్చునే కంతను వదిలేసి, దానిమీది జాలీ మూతను కొలిచాడు.

"ఇంత పెద్దవి ఆ తలుపుల్లో పట్టవండీ," అన్నాడు కొట్టాయన.

"పట్టకపోతే పట్టిస్తాం! చిన్న నోటికి పెద్ద గొంతెలా వస్తుంది బావా?"

"నిజమే. గుసగుసలాడితే నీళ్ళొస్తాయా?" అన్నాడు సెక్రటరీ.

ఇంటికొచ్చి కంతలను రంపంతో పెద్దవి చేశారు. స్పీకర్లు కూర్చున్నాయి. వాటి వెనకున్న లావుపాటి అయస్కాంతాలు అద్దాలకు అడ్డంపడ్డాయి. ఇక అద్దాలు దిగవు. ఆ కోతలో పాటల సెట్టు స్విచ్చి తీగ తెగితే, బావమరిది సెట్టును నేరుగా బ్యాటరీకి కలిపేశాడు.

ఈలోగా సెక్రటరీ భార్య ఫోనులో ప్రకటన చదివింది. "దయచేసి అందరూ రావాలి" అన్నాక రికార్డింగు ఆపడం మరచి, వంటింటి అల్మరా బిగించని మొగుణ్ణి దులిపేసింది. ఎవరూ వినకుండానే అదంతా పెన్‌డ్రైవులోకి ఎక్కింది.

ఆ మోతకు చెవుల్లో దూది కుక్కుకుని వీధంతా తిరిగారు. మూసిన అద్దాల్లోంచి ముక్క బయటికి రాలేదు. షికారుకెళ్తున్నారనుకుని జనం చేతులూపారు.

"ఆఫీసుకే పోనీ బావా, తలుపులు తీసి పెడదాం!"

ఆఫీసు గేటు ముందే కారాపి, దూది పీకేసి నాలుగు తలుపులూ తెరిచారు. ప్రకటన మర్యాదగా ముగిసింది. ఆ వెంటనే స్పీకర్లు గర్జించాయి:

"రేపు, రేపు! ఎన్నాళ్ళీ రేపు? కుర్చీకి అతుక్కుపోతే పనులవుతాయా? చేతకాకపోతే చేతకాదని చెప్పండి, నేనే చూసుకుంటా!"

సెక్రటరీ ముఖం మాడిపోయింది. "ఆపరా, ఆపు!"

బావమరిది లాగితే పెన్‌డ్రైవు డొల్ల చేతికొచ్చింది, ముక్క లోపలే ఉండిపోయింది. పారిపోదామంటే బ్యాటరీ నీరసించి ఇంజను కదల్లేదు. తిట్లు మళ్ళీ మొదలయ్యాయి. దారినపోయేవాళ్ళు గుమిగూడారు. "ఈవిడ ఎవరోగానీ ఉన్నమాటే అంటోంది!" అని ఒకామె చప్పట్లు కొట్టింది.

ఇంజనీరు చెమటలు కక్కుతూ గేటుదాకా వచ్చాడు. కారు అడ్డంగా ఉండి బయటికెళ్ళే దారి లేదు.

"నన్నింత మాటంటుందా? ఎవరండీ ఆవిడ?"

"మా ఆవిడే సార్. అసలు అది మిమ్మల్ని కాదు..." అనబోతే బావమరిది కాలు తొక్కాడు.

"మిమ్మల్నే సార్! ఇంకా సగమే అయింది."

"చాలు! మీ వీధి వాల్వు ఇప్పుడే తిప్పిస్తా. ముందు ఆమెను ఆపండి."

సరిగ్గా అప్పుడే బ్యాటరీ పూర్తిగా అయిపోయి తిట్లు వాటంతటవే ఆగాయి. ఎన్ని అర్జీలకూ తిరగని వాల్వు మధ్యాహ్నానికల్లా తిరిగింది. మర్యాదకు లొంగనివాళ్ళు దేనికి లొంగుతారో వీధికి తెలిసింది.

"నా ప్రకటన బాగా వినిపించిందా?" అనడిగింది భార్య, బిందె నింపుతూ.

"ఇంజనీరుకు బాగా వినిపించింది," అని సెక్రటరీ సుత్తి పట్టుకుని అల్మరా దగ్గరికి నడిచాడు.

సాయంత్రం దీపాల్లేని పక్కవీధివాళ్ళు కారు అడగడానికొచ్చారు. ప్రకటన అక్కర్లేదట, తిట్లు చాలట.