ఆగితే ధర దిగుతుంది

మహాసామ్రాజ్యాల తలరాతలు యుద్ధభూములలో తేలుతాయని చరిత్రకారులు అంటారు గాని, చిన్న సంసారాల తలరాతలు కాఫీ గ్లాసుల దగ్గరే తేలిపోతాయి. ఆ ఉదయం మబ్బులాయన తన గ్లాసు ఖాళీ చేసి, మూతి తుడుచుకొని, గొంతు సవరించుకున్నాడు. హైబ్రిడ్ కారు ఇప్పుడే కొనడమా, కొంతకాలం ఆగడమా అన్న ధర్మసందేహానికి ఈనాడు తీర్పు చెబుతానని ఆయన ఇంటిల్లిపాదికీ ముందే ప్రకటించి ఉన్నాడు. ఇంటిల్లిపాది అంటే ఆయన ఇల్లాలూ, ఆయన అత్తగారూ.

మబ్బులాయన వాతావరణ కేంద్రంలో అధికారి. రేపటి ఎండావానల సంగతి ఇవాళే చెప్పడం ఆయన వృత్తి. అది కూడా "పడవచ్చు", "పడకపోవచ్చు", "అక్కడక్కడా పడే అవకాశం లేకపోలేదు" అంటూ, పారిపోవడానికి నాలుగు దిక్కులా తలుపులు తెరిచి పెట్టుకొని మరీ చెప్పడం. అంతటి జాగ్రత్తపరుడి జోస్యాలు దేశమంతటా నిజమయ్యేవి, ఆయన వీధిలో తప్ప. ఆ వీధి కొండ ఒడిలో ఉంది. కొండ తనకు తోచినప్పుడు మబ్బును పట్టి ఆపుతుంది, తోచనప్పుడు వదిలేస్తుంది, ఏ కేంద్రానికీ సంజాయిషీ ఇచ్చుకోదు. అందుచేత వీధివారు సొంత అనుభవంతో ఒక శాస్త్రాన్ని నిర్మించుకున్నారు: మబ్బులాయన వాన అంటే బట్టలారవేయాలి, ఎండ అంటే గొడుగు తీయాలి. ఆ శాస్త్రం ఇంతవరకు ఎవరినీ ముంచలేదు. దానిని పాటించనిది వీధి మొత్తం మీద ఆయన ఇల్లాలొక్కతే. ఆయన ఎండ అన్ననాడల్లా ఆవిడ గొడుగు లేకుండా బయలుదేరి, నిలువునా తడిసి వచ్చి, మారుమాట లేకుండా తల తుడుచుకునేది.

ఆవిడ నర్సు. ఊళ్ళోని చిన్న వైద్యశాలలో కట్లు కట్టీ, కసిరీ, బుజ్జగించీ ఆవిడ నిలబెట్టిన ప్రాణాలను చూసి, కొండమీది పెద్దాసుపత్రివారు మేట్రన్‌గా రమ్మని పిలిచారు. ఆ సాయంత్రంలోగా ఔనో కాదో చెప్పాలి. చిక్కల్లా దారితోనే వచ్చింది. కొండమీదికి బస్సుంది గాని అది పొద్దెక్కాక బద్ధకంగా బయలుదేరేది. డ్యూటీ వేళకు అందదు. ఇంట్లోని పాత కారు కొండ మొదట్లో దగ్గి, మొదటి మలుపులో ఆయాసపడి, ఆపైన సొమ్మసిల్లేది. వీధి చివర కొత్తగా వెలసిన షోరూములోని హైబ్రిడ్ కారు మాత్రం అదే కొండను పిల్లి మెట్లెక్కినంత సుళువుగా ఎక్కుతుందని వినికిడి. కారుంటే ఉద్యోగం, లేకుంటే లేదు. ఈ సంగతి మబ్బులాయనకు క్షుణ్ణంగా తెలుసు. తెలుసు కనుకనే ఇన్నాళ్ళూ ఆలోచిస్తూ కూర్చున్నాడు.

"ఏమండీ, మరి కారు సంగతి ఏమనుకున్నారు?" అంది ఇల్లాలు, ఖాళీ గ్లాసు అందుకుంటూ.

"చూడూ, అన్నివైపుల నుంచీ ఆలోచించాను. అసలు హైబ్రిడ్ అంటే ఏమిటి? సగం పెట్రోలు, సగం కరెంటు. ఇటు మనిషీ కాదు, అటు సింహమూ కాదు. రేపు పూర్తి కరెంటు కార్లు చవగ్గా వచ్చి పడ్డాయనుకో, దీని మొహం ఎవడు చూస్తాడు? పైగా షోరూము కొత్త. కొత్తలో ఎవడైనా ధర బిగించుకునే కూర్చుంటాడు. ఆగితే ధర దిగుతుంది."

"దిగుతుందంటారా?"

"దిగే అవకాశాలు మెండుగా ఉన్నాయి."

"సరే అయితే. ఆగుదాం."

మూల కుర్చీలో పేపరు చదువుతున్న అత్తగారు కళ్ళజోడు పైకెత్తింది. "అయ్యో నా తల్లీ! అల్లుడుగారు ఆగమన్నారంటే ఈ పూటే కొనిపారెయ్యాలని కదే అర్థం! వీధిలో చంటిపిల్లలకి కూడా తెలుసు!"

"అమ్మా, నువ్వూరుకో" అంటూ ఇల్లాలు లోపలికి వెళ్ళిపోయింది. ఆ "సరే"లో ఏముందో మబ్బులాయనకు అంతుబట్టలేదు. ఆకాశంలో గాలి ఎటు తిరుగుతుందో పసిగట్టే పరికరాలన్నీ ఆయన దగ్గర ఉన్నాయి. ఇల్లాలి గొంతుకు పెట్టి చూసే పరికరం మాత్రం ప్రభుత్వం ఇంకా మంజూరు చేయలేదు.

తీర్పు చెప్పినవాడి తేలిక మనసుతో ఆయన గడ్డం గీయించుకోవడానికి సెలూన్‌కు నడిచాడు. సెలూనాయన రెండు చెంపలకూ నురగ పట్టించి, కుడిచెంప నున్నగా గీసి, ఎడమవైపు తిరుగుతూ లోకాభిరామాయణంలోకి దిగాడు.

"ఏం సార్, కారు కొంటున్నారట?"

"లేదోయ్. ఆగుతున్నాం. ఆగితే ధర దిగుతుంది."

కత్తి గాలిలో నిలిచిపోయింది. పక్క కుర్చీలో కళ్ళు మూసుకొని పనికుర్రాడి చేత జుట్టు కత్తిరించుకుంటున్న మందులషాపాయన ఒక్కసారిగా నిటారుగా లేచాడు.

"ఖాయమేనా, సార్?" అన్నాడు ఊపిరి బిగబట్టి.

"ఖాయమనే అనుకోండి."

మబ్బులాయన నోట "ఖాయం" అన్న మాట వెలువడడం అపూర్వం. ఉత్త "అవకాశం" అన్నవే తలకిందులయ్యే చోట, "ఖాయం" అన్నది ఇంకెంత ఘోరంగా తలకిందులు కావాలి! షోరూము తెరిచిన నాటి నుంచీ వీధిలో స్తోమత ఉన్న ప్రతివాడి కన్నూ ఆ కార్ల మీదే ఉంది. ఇప్పుడు కొనాలా, ఆగాలా అని అందరూ గుంజాటన పడుతున్నారు. పైనుంచి ఒక సంకేతం అందడమే తరువాయి. అది అందింది. మందులషాపాయన మెడ చుట్టూ కట్టిన గుడ్డతోనే వీధిలోకి పరుగెత్తాడు.

"సార్, కదలకండి. ఒక్క క్షణంలో వచ్చేస్తా" అని సెలూనాయన కూడా కత్తి అక్కడ పడేసి ఆయన వెంటే మాయమయ్యాడు.

మబ్బులాయన కదలలేదు. ఎడమచెంప మీద నురగ ఆరి పెళుసెక్కింది. అద్దంలో నుంచి చూస్తే వీధి మొత్తం ఒకే దిక్కుకు వీస్తోంది. మెడలో టేపుతో దర్జీ, చేతి పిండి దులుపుకుంటూ రొట్టెల కొట్టాయన, తాళం వేసీ వేయకుండా ఇంకెవరెవరో. షోరూము మీద అల్పపీడనం ఏర్పడిందని ఆయన వృత్తిరీత్యా గ్రహించాడు. దానిని పుట్టించినది తన నోరేనని మాత్రం గ్రహించలేదు. పాపం, ధర దిగబోయే వస్తువు కోసం అమాయక జనం ఎగబడుతున్నారే అని ఆయన గుండె కరిగింది. పరోపకారబుద్ధి మనిషిని ఎంత దూరమైనా తీసుకుపోతుంది. ఆయనను షోరూము దాకా తీసుకుపోయింది.

"ఆగండి! తొందరపడకండి! ధర పడిపోతుంది! నా మాట వినండి!" అని ఒక చెంప నునుపుతో, ఒక చెంప నురగతో ఆయన గుమ్మంలో నిలబడి చేతులెత్తి అరిచాడు.

"విన్నారా! మళ్ళీ అంటున్నారు!" అన్నాడు దర్జీ. వెనక తటపటాయిస్తున్నవారు కూడా ఆ కేకతో ముందుకు తోసుకుపోయారు. ఒక్కటి చాలనుకున్నవాడు తమ్ముడి పేర మరొకటి రాయించాడు. షోరూము మేనేజరు పరుగున వచ్చి, తాను జన్మలో చూడని ఈ మహాపురుషుడికి కుర్చీ వేయించి, చల్లటి నీళ్ళు తెప్పించాడు.

"అయ్యా, మీరెవరో నాకు తెలీదు. కానీ దయచేసి ఆ మాట ఇంకొక్కసారి అనండి. ఆ మూల వాళ్ళకి సరిగ్గా వినపడినట్టు లేదు."

మబ్బులాయన మనస్ఫూర్తిగా మళ్ళీ అన్నాడు. ఆ మూలవాళ్ళు కూడా కొన్నారు.

వాయుగుండం ఆ విధంగా బలపడుతుండగా అత్తగారు జనాన్ని మోచేతులతో చీల్చుకుంటూ వచ్చి ఎదుట నిలిచింది.

"ఇక్కడున్నారా అల్లుడుగారూ! ఊరందరికీ కార్లు కొనిపెడుతున్నారా? అమ్మాయి బస్సెక్కి కొండమీదికి పోయింది. 'వాళ్ళకి జవాబు చెప్పి వస్తానమ్మా' అంది. ఏమని చెప్తావే అంటే, నవ్వేసి ఊరుకుంది. దాని నవ్వు మీకు తెలుసుగా, కడుపులో ఏముందో బయటపెట్టదు."

మబ్బులాయన నీళ్ళ గ్లాసు మేనేజరు చేతిలో పెట్టేశాడు. కారు లేదు, కనుక ఉద్యోగం లేదు. ఆవిడ కాదని చెప్పడానికే వెళ్ళింది. కొద్దిరోజులుగా ఆవిడ కొత్త మెత్తటి బూట్లు తొడుక్కొని హాలుకూ వంటింటికీ మధ్య ఊరికే పచార్లు చేస్తోంది. ఎందుకని అడిగితే, "వార్డులో రోగులు నిద్రలో ఉంటారు కదండీ, అడుగు చప్పుడు కాకూడదు" అంది. ఆ బూట్లకు తాను వేసిన శిక్ష ఏమిటో ఆయనకు ఆ క్షణాన, అంత గందరగోళంలో, పూర్తిగా అర్థమైంది. తల తుడుచుకున్నట్టే ఆవిడ దీనినీ తుడుచుకొని ఊరుకుంటుంది. అదే ఆయనకు భరించరాని సంగతి.

"నాకో కారు కావాలి. ఇప్పుడే!" అన్నాడు లేచి.

"అన్నీ అయిపోయాయి సార్, మీ పుణ్యమే. అద్దాల దగ్గర చూపించడానికి పెట్టిన ఆ ఎర్రకారు ఒక్కటే మిగిలింది. కానీ... ఆగమన్నది తమరే కదా?"

"నేనన్నది నీకెందుకయ్యా! నేను చెప్పింది ఎప్పుడెవడు విన్నాడు కనక?"

ఎక్కడ చూపితే అక్కడ సంతకం చేసి, ఆయన తాళం గుంజుకున్నాడు. షోరూములో అందరూ తోసుకోవడం మానేసి ఆయన చేతిలోని తాళం వైపే చూశారు. ఆ చూపులకు అర్థం వెతికే తీరిక ఆయనకు లేదు. కారులో కూర్చొని మీట నొక్కాడు. చప్పుడు లేదు. మళ్ళీ నొక్కాడు. లేదు.

"చచ్చిన కారు అంటగట్టావేమయ్యా!"

"అది బతికే ఉంది సార్. కరెంటు మీద అలాగే ఉంటుంది. మీరే నొక్కి నొక్కి ఆపేస్తున్నారు."

కారు నిజంగానే పిల్లిలా ఎక్కింది. పాత కారు సొమ్మసిల్లే మలుపు ఎప్పుడు దాటిపోయిందో కూడా ఆయనకు తెలియలేదు. దారి పొడవునా ఆసుపత్రి సూపరింటెండెంటుకు చెప్పవలసిన మాటలు కూర్చుకున్నాడు: అమ్మా, మా ఆవిడ కాదన్నది ఆవిడ మాట కాదు, నా మాట, నా మాటకు మా వీధిలో విలువ లేదు, విచారించుకోవచ్చు.

ఆసుపత్రి వరండాలో ఇల్లాలు మరో నర్సుతో కలిసి దుప్పటి మడతపెడుతోంది. అప్పుడే పని మొదలుపెట్టేసినట్టుంది.

"ఏమండీ! ఆ మొహమేమిటండీ?"

"నా మొహానికేం గానీ, కాదని చెప్పేశావా? ఇంకా చెప్పలేదు కదా?"

"కాదని ఎందుకు చెప్తాను? ఔనన్నాను. రేపటి నుంచే రమ్మన్నారు."

మబ్బులాయన వరండా మెట్టుమీద కూలబడ్డాడు. "మరి... కారు ఆగుదామన్నాం కదా?"

"కారే కదా ఆగమన్నారు. ఆపేశాను. ఉద్యోగం ఆపమని మీరనలేదే! ఇక్కడి దుప్పట్లు ఉతికి తెచ్చే వ్యాను రోజూ తెల్లారుతూనే మన వీధి మీంచే వస్తుంది. డ్రైవరుని అడిగాను. 'మీకంటే ఎక్కువా అక్కా, ముందు సీటు మీదే' అన్నాడు." ఆవిడ దుప్పటి అంచులు సరిచేసి, ఎర్రగా మెరుస్తున్న వాహనం వైపు చూసింది. "ఇంతకీ ఎవరిదండీ ఆ కారు?"

"మనదే."

"ఆగితే ధర దిగుతుందన్నారుగా?"

"అన్నాను."

"బాగుంది వరస! వీధి వీధంతా మిమ్మల్ని నమ్మకపోయినా నేను నమ్మేది ఎందుకనుకున్నారు? నేను కూడా నమ్మకపోతే, పొద్దున్నే ఏ మొహం పెట్టుకుని ఆఫీసుకి వెళ్తారని! తీరా చూస్తే మీ మాట మీరే నమ్మకపోతే ఎలాగండీ?" అంది. అని, కొంగు తడిపి, ఆయన ఎడమచెంప మీది ఎండునురగను మెల్లగా తుడిచింది. పక్క నర్సు మర్యాదగా గోడ వైపు తిరిగింది.

వారిద్దరూ సాయంత్రానికి కొండ దిగి వచ్చేసరికి షోరూము ముందు మరో గుంపు మూగి ఉంది. మధ్యలో అత్తగారు చేతులు తిప్పుతూ జరిగినది వర్ణిస్తోంది. మబ్బులాయన కారు కొనుక్కొని వెళ్ళగానే షోరూములో మహాశాస్త్రచర్చ జరిగిందట. ఆయన మాటకు ఎదురు నడవడం సిద్ధాంతమే. కాని ఆయన మాటకు ఆయన చేతలే ఎదురు తిరిగితే దేనికి ఎదురు నడవాలి? మాటే ప్రమాణమని మందులషాపాయన, చేతలే ప్రమాణమని సెలూనాయన వాదించారు. "నోరు ఊరికే వాగుతుందయ్యా, చెయ్యి ఊరికే సంతకం పెట్టదు! ఆయనే కొన్నాడంటే కొన్నవాడి కొంప మునిగినట్టే!" అని సెలూనాయన బల్ల గుద్దడంతో వాదం ముగిసింది. వీధి వీధంతా వరసలో నిలబడి తమ బుకింగులు రద్దు చేసుకుంది. తమ్ముడి పేర రాయించినవాడు తమ్ముడిది కూడా రద్దు చేశాడు.

మేనేజరు మొహాన నెత్తురుచుక్క లేదు. పైవాళ్ళతో ఫోనులో మొరపెట్టుకొని, గడపలో బల్లెక్కి, పెద్ద గుడ్డ బ్యానరు ఒకటి కట్టిస్తున్నాడు. ఆ క్షణం నుంచి అన్ని కార్ల మీదా ధర తగ్గించడమైనదని దాని సారాంశం. ఎర్రకారు నిశ్శబ్దంగా వచ్చి పక్కనే ఆగడంతో అదిరిపడి, బల్ల దిగి చేతులు జోడించాడు.

"మీదొక్కటే, సార్... బిల్లు ముందే అయిపోయింది. ఏమీ అనుకోకండి."

ఇల్లాలు బ్యానరును పైనుంచి కిందికి శ్రద్ధగా చదివి, భర్త వైపు తిరిగి, నిండుగా నవ్వింది. "చూశారా? దిగుతుందని మీరన్నారుగా!" అంది, అచ్చంగా గర్వంతో.

ఆ వీధి చరిత్రలో మబ్బులాయన చెప్పినది చెప్పినట్టుగా జరగడం అదే మొదటిసారి; దానిని నమ్మక నష్టపోయినవాడు మాత్రం ఒక్కడే.