మూడు పూటలా ఆయిల్

ఆ ఆదివారం పొద్దున మందుల షాపాయన పెట్టుకున్న పని ఒక్కటే. తన ఎర్ర కారును పొగ రాకుండా వంతెన దాకా తీసుకెళ్ళి, పొగ రాకుండా ఇంటికి తీసుకురావాలి. వినడానికి చిన్న పనే. కానీ అది రెండు తలుపుల పాత స్పోర్ట్స్ కారు. పెట్రోలుతో సమానంగా ఇంజినాయిల్ తాగుతుంది, తాగిందంతా నీలం పొగగా మార్చి వీధి మీదకి వదులుతుంది. ఆ వీధి ఆడవాళ్ళు బట్టలు ఆరేసే ముందు, ఆయన బయటికెళ్ళాడా లేదా అని కనుక్కునేవారు.

ఆ కారుతో భార్యకి ఓపిక నశించింది. అదే ఇంట్లో ఉండే అత్తగారికి ఆ ఓపిక మొదటినుంచీ లేదు, తుక్కుకి వెయ్యమని కనిపించినప్పుడల్లా చెబుతుంది. చివరికి పాత కార్ల వ్యాపారం చేసే బావమరిది తీర్పు చెప్పాడు. వెనకాలే తను కార్లు లాక్కెళ్ళే బండిలో వస్తాడు. వంతెన దాకా వెళ్ళి వచ్చేలోపు పొగ కనిపిస్తే, ఎర్ర కారు అటునుంచి అటే తుక్కు కొట్టుకి. మందుల షాపాయన సరేనన్నాడు. అనక ఏం చేస్తాడు, ఇంట్లో అందరూ ఒకవైపు, తనూ కారూ ఒకవైపు.

కారు కొన్న కొత్తలో మెకానిక్ ఆయనకి ఒక మాట చెప్పాడు. రోజూ పొద్దున్నే ఆయిల్ ఎంతుందో చూసుకుని, తగ్గితే పొయ్యమన్నాడు. ఏళ్ళ తరబడి మందులమ్మిన మనిషికి చూసుకోవడం ఎందుకో అర్థం కాలేదు. మందన్నాక మోతాదు ప్రకారం పడాల్సిందే. అందుకని షాపునుంచి కొలత గ్లాసు తెచ్చుకుని, రోజూ భార్య లేవకముందే ఇంజిన్లో ఒక మోతాదు పోసేవాడు. ఇవాళ పరీక్ష కదా అని ధారాళంగా పోశాడు.

తీరా బయల్దేరే వేళకి అత్తగారు తనూ వస్తానంది. సాక్షి లేకుండా తీర్పేమిటని దబాయించి, వెనకసీటు అనబడే ఇరుకులో మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చుంది. భార్య ముందు కూర్చుంది. మొదటి వీధి బుద్ధిగా గడిచింది. మలుపు తిరిగాక భార్య అద్దంలోకి చూసింది.

"ఏమండీ, మన వెనకాల బస్సు కనిపించట్లేదు."

"వెనకబడిపోయుంటుంది."

"హారన్ మాత్రం చెవిలోనే వినిపిస్తోంది."

సిగ్నల్ దగ్గర ఎర్ర దీపం పడింది. కారు ఆగింది గానీ పొగ ఆగలేదు. వెనక బస్సు ఎప్పుడో మాయమైంది, ఇప్పుడు సిగ్నల్ కూడా మాయమైంది. పూలకొట్టావిడ కారు అంటుకుందనుకుని, పూలు నానబెట్టిన బకెట్ తెచ్చి బానెట్ మీద దిమ్మరించింది. ఎవరో ఫైరింజన్‌కి ఫోన్ చేశారు. ఆ వచ్చినవాళ్ళకి పొగలో కారు కనిపించక, ఎదురుగా ఉన్న బేకరీని తడిపారు. బేకరీ యజమాని నీళ్ళోడుతున్న కేకుల పళ్ళెం పట్టుకొచ్చి ఇదెవరు తింటారని నిలదీశాడు. మందుల షాపాయనకి తలప్రాణం తోకకొచ్చింది. ఇంతలో బావమరిది లాగుడు బండి కొక్కెం పట్టుకుని దిగాడు.

మందుల షాపాయన కారుకి అడ్డంగా నిలబడ్డాడు. నిజంగానే ఆయనకి ఏడుపొచ్చేలా ఉంది.

"ఆయిల్ చాల్లేదు, అంతే. ఇంకొంచెం పోస్తే సర్దుకుంటుంది."

చుక్క కూడా మిగల్లేదని రుజువు చేద్దామని బావమరిది బానెట్ ఎత్తి, ఆయిల్ కొలిచే పుల్ల లాగాడు. తుడిచి మళ్ళీ ముంచి తీశాడు. గీత దాటి, పుల్ల పిడి దాకా ఆయిలే.

"బావా, ఇది తాగట్లేదు, మీరే పట్టిస్తున్నారు. పట్టే దానికంటే ఎక్కువైతే పైకెగజిమ్మి కాలిపోతుంది, పొగంతా అదే. రోజూ ఎంత పోస్తున్నారు?"

"పొద్దున ఒక మోతాదు."

"ఒక్క పూటకి ఇంత అవదే."

భార్య పూలకొట్టు వైపు చూడసాగింది. ఆమె అంత శ్రద్ధగా పూలు చూడటం ఆయన ఎన్నడూ ఎరగడు.

"సాయంత్రం నేను పోస్తున్నాను," అంది చివరికి. "ఈయన మర్చిపోతారేమోనని. ఈ కారు లేకపోతే ఆదివారాలు ఇంట్లో కూర్చుని నా వంటింటి డబ్బాలు సర్దుతారు."

మొగుడూ పెళ్ళాలు తేలు కుట్టిన దొంగల్లా నిలబడ్డారు. అప్పుడు వెనకసీటు లోంచి గొంతు వినిపించింది.

"మధ్యాహ్నం నేను."

"తుక్కుకి వెయ్యమన్నది నువ్వే కదమ్మా," అన్నాడు బావమరిది, విసుగు ఆపుకోలేక.

"అన్నాను. అలాగని చూస్తూ చూస్తూ కడుపు మాడుస్తామా? ఏ మందైనా మూడు పూటలా పడితేనే పనిచేస్తుందని అల్లుడుగారే అంటారు."

బావమరిది కొక్కెం పక్కన పడేశాడు. కారు కిందకి దూరి, పూలకొట్టావిడ బకెట్టే అడ్డం పెట్టి, అదనపు ఆయిల్ అంతా దించేశాడు. కారు కాసేపు దగ్గింది, పొగ పల్చబడింది, తర్వాత లేనే లేదు. వంతెన దాకా వెళ్ళినా, తిరిగొచ్చినా వెనక బస్సు స్పష్టంగా కనిపిస్తూనే ఉంది. అయినా సిగ్నల్ దగ్గర పొగ అందరూ చూశారనీ, తీర్పు తీర్పేననీ బావమరిది గేటు దగ్గర కొక్కెం తగిలించబోయాడు. అత్తగారు సీట్లోంచి కదల్లేదు.

"లాక్కెళ్ళరా. నేనూ ఇందులోనే ఉన్నాను."

లాగుడు బండి ఖాళీగా వెళ్ళిపోయింది. బేకరీ కేకులు మాత్రం ఇంటిల్లిపాదీ తినాల్సొచ్చింది.

మర్నాడు పొద్దున షాపు తెరవగానే ఒకాయన వచ్చి దగ్గు మందు అడిగాడు. మూడు పూటలా వెయ్యాలా అని కూడా అడిగాడు. మందుల షాపాయన సీసా అందించబోయి, చెయ్యి వెనక్కి తీసుకుని, ఆ వృత్తిలో మొదటిసారిగా ఒక ప్రశ్న వేశాడు.

"అసలు దగ్గుందా?"