ముప్పై ముప్పైల కోనాం

ఆదివారం పొద్దున్నే యారాడ తాతబాబు గొప్ప ప్లాను వేశాడు. తెల్లారి వలకి పడిన కోనాం చేపను ఒడ్డున వేలానికి పెట్టకుండా, ఫోన్‌లో లైవు పెట్టి అమ్ముతాడట. అలా చేస్తే నెలకి లక్ష వస్తుందని ఏదో వీడియోలో చూశాడు. చూసి ఊరుకునే రకమైతే మనకీ కథే లేదు.

"ఇయ్యాల సేప అమ్ముడైతే రేపట్నించి నీ క్లాసు బందు. రోజూ నాతో లైవులో నిలబడాల," అన్నాడు పెళ్లాంతో.

గంగాలమ్మ గుండె జారిపోయింది. నెలాఖరుకి ఆమెకి పదో తరగతి లెక్కల పరీక్ష. ఆదివారాలు వన్‌టౌన్ నుంచి షబానా టీచరు వచ్చి, ఒడ్డుకి లాగిన పడవ చాటున ఆడవాళ్లని కూర్చోబెట్టి పాఠం చెబుతుంది. వారమంతా చేపల గంప మోసే గంగాలమ్మకి ఆ రెండు గంటలే పండగ.

తాతబాబు సరిగ్గా ఆ పడవ ముందే బల్ల వేసి, చేపను పెట్టి, లైవుకి ఫోను ఎత్తి పట్టుకున్నాడు. పడవ వెనక షబానా అడిగింది.

"ముప్పై ముప్పైలు ఎంత?"

"మూడొందలు!" అంది చిట్టమ్మ.

"ఆరొందలు!" అంది శ్రీసత్య.

అటుగా పోతున్న త్రినాథరావు ఆగిపోయాడు. ఆయనకి గాజువాకలో చేపల కొట్టుంది. బల్ల మీద చేప, గాలిలో అంకెలు, ఇంకేం కావాలి? "ఏడొందలు!" అని కేకేశాడు.

"తప్పండీ," అంది షబానా, ఎవరన్నారో చూడకుండానే.

"నా రేటు తప్పేటి? ఎనిమిదొందలు!"

"అదీ తప్పే!"

తాతబాబు బుర్ర తిరిగిపోయింది. లైవు చూస్తున్నది ఇద్దరే, కేకలేమో నలుగురివి. ఇవి ఫోన్‌లోంచి వస్తున్నాయా, పడవలోంచా? ఈలోగా ఒడ్డున వేలం నడిపే దొరబాబు పరిగెత్తుకొచ్చాడు. చెవిన అంకె పడితే ఆగలేని మనిషి.

"ఎనిమిదొందలు, ఒకటోసారి!"

"తొమ్మిదొందలు!" గంగాలమ్మ లేచి నిలబడి అరిచింది.

"కరెక్ట్! ఇంక మార్చొద్దు," అంటూ షబానా చప్పట్లు కొట్టింది.

"తొమ్మిదొందలు, ఒకటోసారి, రెండోసారి, మూడోసారి!" అని దొరబాబు ఒక్క గుక్కలో తేల్చేశాడు. " సేప గంగాలమ్మదే!"

ఆ ఒడ్డున కేక వేశాక వెనక్కి తీసుకునే పద్ధతి లేదు. "నాను లెక్క సెప్పాను గానీ సేప కొనలేదయ్యో!" అని ఆమె మొత్తుకున్నా ఎవరు వింటారు? త్రినాథరావు టీచరు మీద అలిగి వెళ్లిపోయాడు.

"అమ్ముడైపోనాది! క్లాసు బందు!" అని తాతబాబు గంతేశాడు. కొన్నది తన పెళ్లామేనన్న సంగతి ఇంకా బుర్రకెక్కలేదు. గంగాలమ్మకి ఏడుపొచ్చేసింది.

దొరబాబు చెయ్యి చాపాడు. "నూటికి అయిదు నా కమీషను. తొంభై ఇయ్యి బావ."

తాతబాబు లెక్క చూసుకోకుండానే జేబులో చెయ్యి పెట్టాడు.

"నలభై అయిదే," అంది గంగాలమ్మ కళ్లు తుడుచుకుంటూ. "నూటికి అయిదైతే తొమ్మిదొందలకి నలభై అయిదు."

దొరబాబు సముద్రం వైపు చూశాడు. తాతబాబు దొరబాబు వైపు చూశాడు. పదేళ్లుగా అడిగినంతా ఇచ్చుకుంటున్నాడు పాపం.

"ఒసే, నువ్వు క్లాసు మానకే," అన్నాడు చివరికి.

"నువ్వు సెప్పినా మానను. నీ లచ్చ నాకొద్దు. ఈళ్లతో కూకుని నేర్సుకుంటంటే నాకు పేనం లేసొత్తాది."

మధ్యాహ్నం కోనాం పులుసు క్లాసంతా కలిసి తిన్నది. తాతబాబు ఆన్‌లైన్ తొలి సంపాదన మైనస్ నలభై అయిదు రూపాయలు. మైనస్ పాఠం వచ్చే ఆదివారమట, ముందు వరసలో చోటు ఉంచమన్నాడు.