హాజీ బయూమీకి ఒక సబ్బు బిళ్ళ

హలో, హలో... వినిపిస్తోందా? ఆఁ, ఇప్పుడు వినిపిస్తోంది కదా. అందరూ బాగున్నారా? స్టవ్ మీద పాలు పెట్టి ఉంటే మంట తగ్గించి రండి, ఇది మధ్యలో లేచి వెళ్ళే కథ కాదు. మా అలెగ్జాండ్రియాలో ముహర్రం బే పేటలో ట్రాం ఇన్‌స్పెక్టర్ రిఫ్అత్‌కు జరిగిన సంగతి ఇది. జిమ్‌కు పోయేవాళ్ళూ వినండి, పోనివాళ్ళూ వినండి. చెమట అందరికీ పడుతుంది.

ఆ ఉదయం రిఫ్అత్ గడ్డం గీసుకుంటూ అద్దంలో తన మొహానికే చెప్పి చూసుకున్నాడు. "హాజీ, ఒక మాట చెప్పాలి, ఏమీ అనుకోవద్దు." అంతవరకు బాగానే ఉంది. ఆ తర్వాతి మాట నోట్లోంచి రావడం లేదు. టిక్కెట్టు లేని పోలీసు అధికారిని ట్రాంలోంచి దింపిన మనిషి ఆయన. అలాంటివాడు "హాజీ, నీ దగ్గర వాసన వస్తోంది" అనాల్సి వచ్చేసరికి గీసిన చెంపే మళ్ళీ గీసుకుంటున్నాడు.

ఇదంతా షుగర్‌తో మొదలైంది. చలికాలం మొదట్లో డాక్టరు రిఫ్అత్ రక్తం పరీక్ష చూసి కళ్ళజోడు తీసి పక్కన పెట్టాడు. ఒళ్ళు వంచి చెమట పట్టిస్తావా, రోజూ సూది పొడిపించుకుంటావా, రెండింట్లో ఏదో ఒకటి తేల్చుకోమన్నాడు. రిఫ్అత్‌కు సూదంటే ఎంత భయమంటే, భార్య బొత్తాం కుడుతుంటే కూడా పక్క గదిలోకి వెళ్ళిపోతాడు. మర్నాడే పక్క వీధిలో కెప్టెన్ ఇహాబ్ నడిపే జిమ్‌లో చేరిపోయాడు. మా దగ్గర జిమ్ నేర్పేవాణ్ణి కెప్టెన్ అనే పిలుస్తారు, ఓడ లేకపోయినా.

అదే వారం భార్య ఖైరియ్యా మెంతి నీళ్ళ మాట ఎత్తింది. వాళ్ళ షర్కియా పల్లెల్లో షుగర్‌కు అదే మందట. రిఫ్అత్ చెయ్యి అడ్డంగా ఊపేశాడు. మెంతులు తాగినవాడి చెమట వీధి మలుపు దాకా చెబుతుంది, నేను నలుగురి మధ్య ట్రాంలో తిరిగే మనిషిని, ఆ గ్లాసు నా ముందు పెట్టకు అన్నాడు. "సరే, రద్వా నాన్నా, మీ ఇష్టం" అంది ఖైరియ్యా. వాళ్ళ అమ్మాయి రద్వా కాలేజీకి వచ్చింది, ఇన్నేళ్ళ కాపురంలో ఖైరియ్యా ఇంత తొందరగా ఒప్పుకున్న సందర్భం లేదు. అనుమానించాల్సింది. అనుమానించలేదు. అన్నం మానెయ్యాలి కాబట్టి తన ఊరి మొక్కజొన్న రొట్టె చేసి పెడతానంది. పల్చగా, వెడల్పుగా, ఒక్కో రొట్టె ట్రాం చక్రమంత. ఆయన ఇష్టంగా తినడం మొదలుపెట్టాడు.

జిమ్ ఒక పాత మేడ సెల్లార్‌లో ఉంది. సాయంత్రం కండలు పెంచే కుర్రాళ్ళు వస్తారు. ఉదయం బ్యాచ్ అంతా పొట్టలు, మోకాళ్ళ నొప్పులు, బీపీ బిళ్ళలు. కెప్టెన్ అందరికీ ఒకటే చెబుతాడు. బల్ల మీద తువ్వాలు పరిచి పడుకోండి, లేచేటప్పుడు తుడిచి లేవండి, తోటివాడి ముక్కు కూడా మన ముక్కులాంటిదే అనుకోండి. అందరూ తుడుస్తూనే ఉన్నారు. అయినా ఆ చలికాలం సెల్లార్‌లో ఒక వాసన పుట్టింది. చెమట వాసనే, కానీ ఒట్టి చెమట కాదు. తడిసిన గోనెసంచిని పొయ్యి పక్కన ఆరేస్తే వచ్చేలాంటి వాసన.

ఎవరి తంటాలు వాళ్ళు పడ్డారు. మందుల షాపు మునీర్ ముక్కు కింద జలుబు మందు రాసుకుని కళ్ళ నీళ్ళు కారుస్తూ ట్రెడ్‌మిల్ ఎక్కేవాడు. ఒకాయన కిటికీ తెరిచేవాడు, చెమట వీపుకు గాలి తగిలితే మెడ పట్టేస్తుందని ఇంకొకాయన మూసేవాడు. ఆ కిటికీ గురించి జరిగిన గొడవతోనే సగం కేలరీలు ఖర్చయ్యేవి. కెప్టెన్ గులాబీ వాసన స్ప్రే కొట్టాడు. దాంతో గోనెసంచి గులాబీ తోటలోకి వచ్చి కూచున్నట్టయింది.

వాసన ఎవరిది అని ఎవరూ వెతకలేదు. బ్యాచ్‌లో ఒక చేపలవాడు ఉండగా వెతకడం ఎందుకు? హాజీ బయూమీకి అన్‌ఫూషీ మార్కెట్‌లో చేపల కొట్టు. కొండలా ఉంటాడు, పసిపిల్లాడిలా నవ్వుతాడు. ఆయన ఎక్కే సైకిల్ దగ్గరే వాసన ఎక్కువని అందరూ తేల్చారు. పాపం హాజీ బాధపడతాడని రిఫ్అత్ ఒక్కడే చోటు మారకుండా ఎప్పట్లాగే ఆయన పక్క సైకిల్ మీదే కూచునేవాడు. ట్రాంలో కూడా ఈమధ్య జనం తనను చూసి జరిగి చోటివ్వడం రిఫ్అత్ గమనించాడు. కొత్త యూనిఫాం మహిమ అనుకున్నాడు.

సాయంత్రం కుర్రాళ్ళు ఒక్కొక్కరే మానేస్తున్నారని, నెలాఖరు లోపల ఈ వాసన పోకపోతే ఉదయం బ్యాచ్ ఎత్తేస్తానని కెప్టెన్ చెప్పేశాడు. రిఫ్అత్ కళ్ళ ముందు సూది కనిపించింది. హాజీకి నచ్చజెప్పే పని కూడా ఆయన మీదే పడింది, పక్క సైకిల్ కాబట్టి.

అదీ ఆ ఉదయం సంగతి. అద్దం ముందు మాట రాక, చివరికి ఆయన దారిలో ఆగి మంచి నాబ్లుస్ ఆలివ్ సబ్బు బిళ్ళ కొని రంగు కాగితంలో చుట్టించాడు. మాట చెప్పలేనిది సబ్బు చెబుతుందని ఆశ.

హాజీ కాగితం విప్పి సబ్బు వైపు చూశాడు. చూడాల్సిన దానికన్నా ఒక క్షణం ఎక్కువే చూశాడు. తర్వాత నవ్వి, సబ్బును నుదుటికి ఆనించుకున్నాడు. "ఉస్తాద్ రిఫ్అత్, మార్కెట్‌లో అందరూ నా దగ్గర తూకమే అడుగుతారు. కానుక ఇచ్చింది నువ్వే."

కానుక తీసుకుని ఊరుకుంటే అలెగ్జాండ్రియా మనిషి ఎలా అవుతాడు? మధ్యాహ్నానికల్లా రిఫ్అత్ ఇంటికి పెద్ద పళ్ళెం నిండా కాల్చిన చేపలు, ఉల్లిపాయ మాడ్చి వండిన ఎర్రన్నం వచ్చాయి. పళ్ళెం ఖాళీగా తిరిగి పంపితే ఖైరియ్యాకు పరువు తక్కువ. దాని నిండా తన ఊరి రొట్టెలు పేర్చి, కూజాలో మాగిన జున్ను పక్కన పెట్టి పంపింది. అన్ని రొట్టెలు ఒక్కడే తినలేక హాజీ వాటిని మర్నాడు జిమ్‌కు తెచ్చాడు. కసరత్తు అయ్యాక అందరూ తువ్వాళ్ళు పరుచుకుని, టీలో ముంచుకుని మరీ తిన్నారు. మునీర్ మూడోది తింటూ, ఇలాంటి రొట్టె తన నాయనమ్మ పోయాక తినలేదని కళ్ళు తుడుచుకున్నాడు. ఈసారి జలుబు మందు వల్ల కాదు.

పొగడ్త ఇంటికి చేరింది. ఖైరియ్యా మరుసటి రోజు ఇంకో పళ్ళెం చేసింది. ఆ తర్వాత రోజు ఇంకోటి. హాజీ ప్రతి పళ్ళేనికీ చేపలు పంపాడు. రెండు ఇళ్ళలో ఎవరూ ఓడిపోవడానికి సిద్ధంగా లేరు. వారం తిరిగేసరికి ఉదయం బ్యాచ్ మొత్తం, కెప్టెన్‌తో సహా, ఆ రొట్టె లేకుండా డంబెల్ ముట్టడం లేదు.

వాసన తగ్గాల్సింది పోయి పదింతలయింది. ఇప్పుడు అది ఒక మూల నుంచి కాదు, అన్ని మూలల నుంచీ వస్తోంది. కెప్టెన్ ప్లంబర్ని పిలిచి కాలువ తవ్వించాడు. రబ్బరు చాపలన్నీ లేపించాడు. ఎప్పుడో పోయిన ఒంటి మేజోడు దొరికింది తప్ప కారణం దొరకలేదు. నెలాఖరు రోజున అందరి కసరత్తూ ఆపించి, ఇక తన వల్ల కాదని, రేపటితో ఉదయం బ్యాచ్ ఆఖరని చెప్పాడు.

అప్పుడు హాజీ బయూమీ సైకిల్ దిగాడు.

"బ్యాచ్ ఆపకు కెప్టెన్. వాసన నాది" అన్నాడు. "బళ్ళో నన్ను కిటికీ పక్కనే కూచోబెట్టేవాళ్ళు, మా నాన్నదీ చేపల కొట్టే కదా. సబ్బు చేతిలో పెట్టిన రోజే నాకర్థమైంది. రోజూ నిమ్మకాయతో ఒకసారి, ఆ సబ్బుతో రెండుసార్లు రుద్దుకునే వస్తున్నా. అయినా పోవట్లేదంటే లోపలే ఉందన్నమాట. నేను రాను. వీళ్ళను పంపకు."

తువ్వాలు మడిచి సంచిలో పెట్టుకుని, తన సైకిల్ సీటు తుడిచి మరీ హాజీ మెట్లెక్కి వెళ్ళిపోయాడు. ఎవరూ ఆపలేదు. ఆపాలని అందరికీ ఉంది, బ్యాచ్ ఉండాలని కూడా ఉంది.

మర్నాడు హాజీ లేడు. వాసన ఉంది. ఒక్క వీసం తగ్గలేదు. మనుషులు ఒకరి మొహాలు ఒకరు చూసుకోకుండా గోడల్ని చూస్తూ నడుస్తున్నారు.

పై అంతస్తులో ఉండే కెప్టెన్ తల్లి హాజ్జా అజీజాకు ఇది దిష్టి వ్యవహారం అనిపించింది. సాంబ్రాణి ధూపం పట్టుకుని సెల్లార్‌లోకి దిగింది. ఒక్కొక్కరి చుట్టూ పొగ తిప్పుతూ వచ్చి, మునీర్ దగ్గర ఆగి వాసన చూసింది. పక్కవాణ్ణి చూసింది. చివరికి సొంత కొడుకు చొక్కా పట్టుకుని వాసన చూసింది. ధూపం కింద పెట్టేసింది.

"దిష్టీ లేదు, గిష్టీ లేదు. అందరూ మెంతులు మేసి వచ్చారు. మొక్కజొన్న పిండిలో మెంతులు కలిపే పల్లెటూరి రొట్టె ఎవరింట్లో చేస్తున్నారురా?"

రొట్టె మొన్న మొన్నటి సంగతి, వాసన చలికాలం మొదటినుంచీ ఉందని కెప్టెన్ అన్నాడు. అయితే చలికాలం మొదటినుంచీ ఆ రొట్టె తింటున్నదెవరో అడగమంది హాజ్జా. అడగనక్కర్లేకపోయింది. అన్ని తలకాయలూ ఒకేసారి రిఫ్అత్ వైపు తిరిగాయి. ఆయన మెల్లగా తన చొక్కా మెడ ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ట్రాంలో జనం ఎందుకు జరుగుతున్నారో అప్పుడు తెలిసింది.

ఇంటికి పరిగెత్తి, మెంతులు వద్దన్నానా లేదా అని అడిగాడు. ఖైరియ్యా పిండి కలుపుతూ తలెత్తలేదు.

"తాగనన్నారు. తిననన్నారా?" అంది. "మా ఊళ్ళో గుప్పెడు వేస్తారు. మీ షుగర్ చూసి నేను రెండు గుప్పెళ్ళు వేశా. మొన్న డాక్టరు షుగర్ దిగిందని మెచ్చుకున్నప్పుడు అంతా సైకిల్ గొప్పే అన్నారుగా, నేనేమన్నా మాట్లాడానా?"

రిఫ్అత్ యూనిఫాం కూడా వేసుకోకుండా అన్‌ఫూషీ మార్కెట్‌కు వెళ్ళాడు. హాజీ మంచు గడ్డల మీద చేపలు పేరుస్తున్నాడు. రిఫ్అత్ జరిగిందంతా చెప్పాడు. అద్దం ముందు రాని మాటలన్నీ చేపల ముందు వచ్చాయి. వాసన నాది హాజీ, మొదటినుంచీ నాదే, నీ పక్కన కూచుని నీకు అంటించాను అన్నాడు.

హాజీ చేతిలోని చేపను మంచు మీద పెట్టేశాడు.

"అయితే నా దగ్గర ఏం లేదా?"

"లేదు."

"ఊరికే అనకు. చూసి చెప్పు" అని మెడ వంచాడు ఆ కొండంత మనిషి. నలుగురూ చూస్తుండగా ట్రాం ఇన్‌స్పెక్టర్ ముందుకు వంగి చేపల వ్యాపారి మెడ దగ్గర వాసన చూశాడు. మార్కెట్ మొత్తం చేపల కంపు. ఆయన ఒక్కడి దగ్గరే ఆలివ్ సబ్బు వాసన.

"సబ్బు" అన్నాడు రిఫ్అత్. హాజీ తల తిప్పుకుని, చేపల మీద నీళ్ళు చల్లే నెపంతో మొహం మీద కూడా చల్లుకున్నాడు.

హాజీ వెనక్కి వస్తే గానీ బ్యాచ్ మొదలుపెట్టనని కెప్టెన్ తాళం చేతిలో పట్టుకుని మెట్ల మీద కూచున్నాడు. హాజీ వచ్చాడు. ఇక రొట్టె సంగతి. మానెయ్యమంటే ఎవరూ ఒప్పుకోలేదు. మునీర్‌కు బీపీ కాస్త దిగిందట, దానికీ మెంతులకూ సంబంధం ఉందో లేదో మందుల షాపు ఉన్న ఆయనే చెప్పలేకపోయాడు. చివరికి హాజ్జా అజీజా తీర్పు చెప్పింది. ఉదయం బ్యాచ్ మేడ మీదికి మారింది. అక్కడ సముద్రపు గాలి కొడుతుంది, పక్కన ఆమె పావురాల గూడు ఉంది. పావురాలు ఇంతవరకు ఫిర్యాదు చెయ్యలేదు. గాలికి మెడ పట్టేస్తుందన్న ఆయన మఫ్లర్ చుట్టుకుని వస్తున్నాడు.

మేడ మీద మొదటి ఉదయం హాజీ తన సంచిలోంచి ఒక పొట్లం తీసి రిఫ్అత్ చేతిలో పెట్టాడు. అదే రంగు కాగితం, లోపల కొత్త సబ్బు బిళ్ళ. పళ్ళెం ఖాళీగా పంపే అలవాటు మా ఇంట్లో లేదు ఉస్తాద్ అన్నాడు. రిఫ్అత్ దాన్ని నుదుటికి ఆనించుకున్నాడు.

అంతేనండీ. బాగుంటే మీ జిమ్ వాళ్ళకూ, ఆఫీసు వాళ్ళకూ, పక్క సీటు వాళ్ళకూ ఈ కథ పంపించండి, సబ్బు మాత్రం పంపకండి. ఒకవేళ మీకే దీన్ని ఎవరైనా ముందుగా పంపి ఉంటే, కోప్పడకుండా ఒకసారి మీ చొక్కా మెడ ఎత్తి చూసుకోండి.